ఎజ్రా కంప్యూటరుకి ఎక్స్‌పీ యోగం

ఎజ్రాది ఆత్రేయపురం సెంటర్లో డీటీపీ షాపు. చుట్టుపక్కల ఊళ్ళ శుభలేఖలు, పూతరేకుల డబ్బాల మీద లేబుళ్ళు అన్నీ అతని కంప్యూటరులోనే పుడతాయి. అందులో ఉన్నది విండోస్ తొంభై ఎనిమిది. రోజుకి నాలుగుసార్లు ఆగిపోతుంది. దాని తర్వాత వచ్చిన విండోస్ ఎక్స్‌పీ వేయించమని అందరూ అంటున్నారు. వేయిస్తే తెలుగు అక్షరాలు ఎగిరిపోతాయేమోనని అతని భయం. లోపల మూడు పెళ్ళిళ్ళ శుభలేఖలున్నాయి, గురువారానికి ఇచ్చేయాలి.

ఈ సంగతి సుబ్బాయమ్మ టీకొట్టు దగ్గర జగన్నాథరావు గారి చెవిన పడింది. మా ఊళ్ళో ఎవరికి ఏ సందేహం వచ్చినా సమాధానం ఆయన దగ్గరుంటుంది. సందేహం రాకపోయినా ఉంటుంది.

“ఎక్స్‌పీ ఏమన్నా బ్రహ్మవిద్యా ఎజ్రా? భీమవరంలో మా బావమరిది రొయ్యల ఫీడు ఆఫీసులో వేసింది ఎవరనుకున్నావు, నేనే. సీడీ పెట్టి, టిఫిను చేసొచ్చేసరికి సగం ఎక్కేసింది. అప్పుడు కరెంటు పోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“చెప్పండి,” అంది సుబ్బాయమ్మ. కథ సాగినంతసేపూ టీలు సాగుతాయని ఆవిడకి తెలుసు.

“చెరువు మీద డీజిలింజను ఊడబెరికి తెప్పించి కంప్యూటరుకి తగిలించాను. ఆ ఊపుకి ఎక్స్‌పీ ఎంత బలంగా ఎక్కిందంటే, మౌసు కదిపితే చాలు, బాణం గుర్తు తెర దాటి గోడ మీదకి పోయేది. ఇద్దరు మనుషులు తువ్వాళ్ళు పట్టుకుని మళ్ళీ లోపలికి తోలేవారు.”

“గోడ మీదకా అండి?” అన్నాడు ఎజ్రా బాబాయి లాజరు.

“సున్నం లేచిపోయింది లాజరూ. అది నయం, ప్రింటరు సంగతి విను. టైపు చేయకముందే కాగితం వచ్చేసేది. ఇంకా రొయ్యపిల్ల వదలని చెరువులో పట్టుబడి ఎన్ని టన్నులు వస్తుందో కొట్టి ఇచ్చింది, మూడు నెలల తర్వాత తూస్తే ఒక్క రొయ్య తేడా లేదు. కంప్యూటరు వేడెక్కిపోతుంటే రెండు లారీల ఐసు దింపితే, కరిగిన నీళ్ళతో పక్కవాళ్ళు రెండెకరాల వరి ఊడ్చుకున్నారు. చివరికి ఆ ఎక్స్‌పీ తయారుచేసినవాళ్ళే అమెరికా నుంచి ఫోను చేసి, ‘జగన్నాథరావు గారండీ, మాకే ఇంత స్పీడు రావడం లేదు, కాస్త చెప్పండి’ అని బతిమాలారు. తెలుగులోనే. నేనంటే వాళ్ళకి అంత మర్యాద.”

ఎజ్రా అమెరికా సంగతి పట్టించుకోలేదు. తెలుగు అక్షరాలు ఉంటాయా అని మాత్రం అడిగాడు.

“ఉండటమేంటి, నీకు రాని ఒత్తులు కూడా వస్తాయి.”

“అయితే మీ చేత్తోనే వేసిపెట్టండి. షాపు తెరిచే ఉంది.”

జగన్నాథరావు గారు వాచీ చూసుకున్నారు. వేసేద్దును గానీ ఇప్పుడు వర్జ్యం అన్నారు.

“మాకు వర్జ్యాలు లేవండి,” అన్నాడు లాజరు.

ఎజ్రా షాపులోకి వెళ్ళి, మీద ఏ రాతా లేని సీడీ ఒకటి తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని ఎండకెత్తి, ఒక కన్ను మూసి, బంగారం చూసినట్టు చాలాసేపు చూశారు.

“ఎక్స్‌పీయే. ఆ మెరుపు చూడు, ఒరిజినల్. కాకపోతే ఇంకా పచ్చిగా ఉంది. వారం ఆగి వేద్దాం.”

ఎజ్రా సీడీ జాగ్రత్తగా వెనక్కి తీసుకున్నాడు.

“అలాగేనండి, శుభలేఖలు అయ్యేదాకా తొంభై ఎనిమిదినే ఉంచుతాను. ఈ సీడీలో ఉన్నవి మాత్రం మా చెల్లెలు వినీల వాళ్ళు చర్చిలో పాడిన పాటలండి.”