గడ్డానికి పనికిరాని పాట

భీమవరం సెలూన్‌లో కార్తీక్ మొహం నిండా నురగ. స్పీకర్లో ఈ వారం వచ్చిన కొత్త ర్యాప్ పాటలు మోగుతున్నాయి.

"రొయ్యల చెరువు గట్టు మీద తీసిన ర్యాప్ ఒకటొచ్చిందంట కదండి. అది పెట్టరేంటి?" అన్నాడు, ఎవరిదో చెప్పకుండా.

"గడ్డం గీసేటప్పుడు అది పెట్టనండి," అన్నాడు సెలూన్ ఆయన, కత్తి ఆడిస్తూనే.

"అంత బాగోలేదాండి?"

"జనం నవ్వి కదిలిపోతున్నారండి. నిన్న ఒకాయనకి చెంప తెగింది."

"అది కోపంతో పాడిన పాట కదండి."

"కోపమేనండి. శత్రువు ఇంటిమీదకొస్తే, 'మీ అంతు చూస్తానండి, ఏమీ అనుకోకండి' అంటాడు. తిట్టడం అయ్యాక భోంచేసి వెళ్ళమంటాడు."

"మరి మిట్టమధ్యాహ్నం గుమ్మంలోకొచ్చిన మనిషిని భోజనానికి లేవమనకపోతే ఏం బాగుంటుందండి?"

"ఆ పాటని వెనకేసుకొచ్చింది మీరొక్కరేనండి. కొంపదీసి పాడింది మీరు కాదు కదా?"

అద్దంలో, మెడకి చుట్టిన తువ్వాలు పైనుంచి, షూటింగ్ కోసం కొన్న గిల్టు గొలుసు తొంగిచూస్తోంది. కార్తీక్‌కి నవ్వాగలేదు. చెంప చురుక్కుమంది.

"చెప్పాను కదండి," అంటూ ఆయన పటిక అందుకున్నాడు.