మల్లప్ప పోగు

ఆలూరులో ఐతారం వచ్చిందంటే పది ఇళ్ల వాళ్లు కలిసి ఒక యాటను కోయిస్తారు. మాంసాన్ని ఆకుల మీద పది పోగులు పెట్టి, పట్టీలో ఉన్న పేర్లు గట్టిగా పిలుస్తారు. పేరు వినబడ్డవాడు వచ్చి తన పోగు పట్టుకుపోతాడు. రాకపోతే "ఏడి?" అని మళ్లీ పిలుస్తారు. మల్లప్ప పేరు ఆ పట్టీలో పద్దెనిమిదేళ్లుగా ఉంది. ఆ శనివారం సాయంత్రం రాధమ్మ చాయ్ హోటల్ బెంచీ మీద, పట్టీ రాసే మహేశ్వర్ ఆ పేరు దగ్గర పెన్ను ఆపాడు.

"ఏమనుకోకే అన్నా. స్వామిదాసు ఇంట్ల ఆరుగురున్నరు, మాకూ ఒక పోగు రాయమని వెంటబడుతున్నడు. సక్కుబాయి వదినె పోయినంక నువ్వొక్కనివే ఐతివి. గంత కూర ఏం జేస్కుంటవ్?"

పక్కనే కూర్చున్న మల్లప్ప చాయ్ గ్లాసు పక్కన పెట్టి మీసం దువ్వాడు. ఆయనకు చేతనైన విద్య ఒక్కటే, కోతలు కోయడం.

"నా తిండి సంగతి నీకెరుకలేదు మహేశ్వరూ. లోకంల తినేటివి నాలుగే తీర్లు. కొరికేటివి, నమిలేటివి, జుర్రేటివి, మింగేటివి. నాలుగింట్ల నన్ను గెలిచినోడు లేడు. మొయినాబాద్ కాడ ఫంక్షన్ హాల్ల మా పాలోళ్ల పెండ్లయింది. మొదటి బంతిల కూసొని రెండు సేర్ల బగారన్నం తిన్న, గంతే, పెద్దగేం లే."

"అబ్బో," అన్నాడు మహేశ్వర్. పెన్ను మాత్రం పేరు మీదే ఉంది.

"బంతి లేసింది, నేను లేవలే. రెండో బంతి లేసింది, మూడోది లేసింది, నేను గాడనే. నల్లి బొక్క కొరికిన సప్పుడు చిల్కూరు దాకా ఇనబడి, గుడికాడ ఆటోలోళ్లు టైర్ పేలిందేమో అని దిగి సూస్కున్నరు. ఆ తర్వాత ఏమైందో ఎరుకనా? కూర ఒడిసింది. వంటోడు గంజు వంచి సూపెట్టిండు. నేను గంజుకే మూతి పెట్టి జుర్రిన. అండ్ల గరిటె ఉన్నది సూస్కోలే, అది గూడ పోయింది."

"గరిటె మింగినవా?" రాధమ్మ చాయ్ వడగడుతూ అడిగింది.

"గరిటె ఎవరన్న మింగుతరా? నమిలిన. ఇనుము గదా, దూపయింది. నీళ్ల ట్యాంకర్ తాగిన, సాలలే. సీదా గండిపేట చెరువుకు పోయి వొంగిన. తెల్లారి పేపరోళ్లు ఎండలకు నీళ్లు తగ్గినయని రాసిండ్రు. ఎండలట! నీళ్లతోటి చాపలు పోయినయ్, చాపలు పట్టే ఇద్దరు తెప్పతోటి సహా పోయిండ్రు. లోపట్నుంచి ఒకటే మొత్తుకునుడు, 'జర నోరు తెరువే' అని. ఆవులించిన. బయటికొచ్చి, లోపల పట్టిన చాపలల్ల సగం నాకిచ్చిపోయిండ్రు. గవి గూడ తిన్న. గసొంటోనికి ఒక్క పోగు ఎక్కువైతదా? పండ్ల సందుకు రాదు!"

మహేశ్వర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. మల్లప్ప మనసు కొంచెం కుదుటపడింది. ఇతను నవ్వుతున్నంతసేపు బెంచీ మీద నుంచి లేవడు. లేస్తే ఆయనకు మిగిలేది ఇల్లు, తాళంచెవి.

"ఒక్కటడుగుత అన్నా," అంది రాధమ్మ. "గంత తిన్నోనివి, ఐతారం ఐతారం నీ పోగు నల్ల కవర్ల కట్టి మా గేటుకెందుకు తగిలిస్తున్నవ్?"

"నేనా? ఎవరో..."

"నువ్వే. ఎడమ కాలీడ్సుకుంట నడిచేది ఈ వాడల ఇంకెవరు? పొద్దటిసంది నువ్వు తిన్నది చాయ్‌ల అద్దుకున్న రెండు బిస్కట్లు. నా కండ్ల ముంగటనే గదా."

మహేశ్వర్ నవ్వు ఆగిపోయింది. చెరువు తాగినవాడు తల వంచుకుని చెప్పాడు.

"వండుకుంట రాధమ్మా. రోజూ వండుకుంట. ఎదురుంగ ఎవ్వరు లేకుంటే ముద్ద మింగుడుపడ్తలేదు. రెండేండ్లాయె."

రాధమ్మ అడగకపోతే బాగుండేదనుకుంది. మహేశ్వర్ పెన్ను అటూ ఇటూ తిప్పాడు.

"మరి కొట్టేయాల్నా అన్నా?"

"పోగు స్వామిదాసుకియ్యి. పేరు మటుకు ఉండనియ్యి."

"పోగు లేనోనికి పేరెందుకే?"

"పిలువనీకి. నేను రాకుంటే 'ఏడి మల్లప్ప?' అని ఇంకోపారి పిలుస్తవ్ గదా. నన్ను ఏడి అని అడిగేది ఈ దునియాల గా ఒక్కపారే, మహేశ్వరూ."