కుట్టుమిషనుకి నాలుగు తడి దుప్పట్లు

మెక్సికో ఎడారిలోని ఎర్మొసీయో ఊళ్ళో జూన్ నెల, మధ్యాహ్నం మూడు గంటలు. ఎల్విరా ఇంటి పడమటి గోడ దగ్గర ఎల్విరా, ఆమె తమ్ముడి భార్య నోరాలియా.

"అది కాదు వదినా, దుప్పట్లు ఆరేసుకోవడం తప్పని నేననలేదు. నాలుగూ ఒక్క గోడకే ఎందుకని అడుగుతున్నానంతే."

"ఎండ తగలకుండా, నోరా. పడమటి గోడ కదా, రెండు దాటితే పెనం అయిపోతుంది."

"లోపల ఎవరున్నారని?"

"ఎవరూ లేరు. కుట్టుమిషను ఉంది."

"కుట్టుమిషనుకి నాలుగు తడి దుప్పట్లు."

"నూనె పల్చబడిపోతోంది మరి. చుక్కలు చుక్కలుగా కారిపోతోంది."

"అయ్యో పాపం. ఎన్నాళ్ళనుంచి?"

"ఎన్నాళ్ళనుంచి అంటే?"

"కారడం."

"ఓ పదకొండు రోజులు. పదో, పన్నెండో, గుర్తులేదు. చల్లటి బార్లీ నీళ్ళు తాగుతావా?"

"వద్దు. మీ తమ్ముడు రమీరో ఇల్లు వదిలి వెళ్ళి కూడా పదకొండు రోజులే."

"అవునా? గ్వైమాస్‌లో ఉన్నాడుగా. స్నేహితుడి ఇంట్లో."

"మీకు చెప్పాడా?"

"ఫోన్లో."

"అక్కడ సముద్రం గాలి బాగా వస్తోందటా?"

"బ్రహ్మాండంగా వస్తోందట. చలేస్తోందట కూడా."

"పోన్లెండి, హాయిగా ఉన్నాడు. వదినా, మిషను తుమ్మింది."

"ఆ గదిలో దుమ్మెక్కువ."

"నేనేమన్నాను? మీ పక్కింటివాళ్ళ పెరట్లో ఒక బండి కనిపించింది. చక్రాల దాకా టార్పాలిన్ కప్పారు. రెండు పొరలు. ఈ వీధిలో బండికి కూడా నీడ దొరుకుతుంది అనుకున్నాను."

"వాళ్ళ చుట్టాలదిలే."

"అంచు ఎత్తి చూశాను, వెనక లైటు పగిలితే ఎర్ర ప్లాస్టిక్కు అంటించారు. రమీరో బండికీ అంతే."

"పగిలితే అందరూ అంటించేది అదే, నోరా."

"సరే. నేను వాదించడానికి రాలేదు."

"మరి ఇంత ఎండలో ఎందుకొచ్చావమ్మా?"

"గోడ చూడ్డానికి."

"నా గోడా?"

"మా పడగ్గది గోడ కూడా పడమరే వదినా. ఇరవై రెండేళ్ళలో ఆ సంగతే మర్చిపోయాను నేను. గోడకి నీడనిచ్చే మెస్కీటు చెట్టు పోయాక గుర్తొచ్చింది. గోడవారన బీరువా మీద, మరియమాత ముందు పెట్టిన కొవ్వొత్తులున్నాయే, నడుం దాకా వంగిపోయాయి. వెలిగించకుండానే."

"వాడు కావాలని కొట్టేసింది కాదే. బంక కారి బండి పాడవుతోందని, కాయలు రాలుతున్నాయని..."

"పెళ్ళయిన ఏడాది నేను నాటిన చెట్టు. మార్చిలో మా అమ్మ దగ్గరికి రెండు రోజులు వెళ్ళొచ్చేసరికి కట్టెల పేర్పు అయింది."

"తెలుసు."

"మే నెలలో ఆ కట్టెల మీదే మాంసం కాల్చాడు. మీరూ వచ్చారుగా."

"పిలిచాడు, వచ్చాం."

"మూడు రొట్టెల్లో చుట్టుకుని తిన్నారు."

"నాలుగు. రుచిగా ఉండింది మరి."

"ఉండింది. నేనూ తిన్నాను. అదే నా కోపం."

"దానికే ఇంట్లోంచి పొమ్మన్నావా?"

"దానికి కాదు. గోడ కాలుతోందయ్యా, ఏదైనా అడ్డం కట్టు అన్నాను. కాలేది గోడ కాదు, నీ బుర్ర అన్నాడు. అప్పుడన్నాను."

"ఆ ఒక్క మాటా అనకుండా ఉండాల్సింది."

"అనేశానుగా. ఇంతకీ మీ మిషనేమంటోంది? గోడ కాలుతోందంటోందా?"

"మిషను ఏమంటుందే!"

"చెప్పండి వదినా."

"కాలుతోందంటోంది. రోజుకి మూడుసార్లు అంటోంది."

"బుర్ర కాదు కదా?"

"గోడేనట. స్పష్టంగా గోడేనంటోంది."

"అలాగా. పట్టండి ఆ కొస."

"ఏ కొస?"

"తాడు కొస. దుప్పట్లు గోడకి అతుక్కుపోయాయి. ఇలా అయితే ఆరగానే వేడంతా గోడలోకే దిగుతుంది. జానెడు ఎడంగా కట్టాలి, వెనకనుంచి గాలాడాలి. ఇంకా లాగండి. ఇంకా."

"నువ్వెందుకే ఇవన్నీ?"

"మిషను పాతది వదినా. చాకిరీ చేసిన మిషను. చెడిపోతే మళ్ళీ అలాంటిది దొరకదు."

"ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావు?"

"పదకొండు రోజులు నేనేం చేశాననుకున్నారు? గోడకి అట్టలు కట్టాను, గాలికి కొట్టుకుపోయాయి. సున్నం వేశాను. పాత తలుపు తెచ్చి చేరేశాను, అదీ కాలిపోతోంది. చివరికి నర్సరీకి వెళ్ళి మెస్కీటు మొక్క తెచ్చాను. మోకాలంత ఉంది."

"మోకాలంత మొక్క గోడకేం నీడ ఇస్తుందే? ఎన్నేళ్ళు పడుతుంది?"

"పదేళ్ళు. పన్నెండు."

"అప్పటిదాకా?"

"అప్పటిదాకా దుప్పట్లు. ఒక్కదాన్నే తడిపి ఎత్తలేను, అది వేరే సంగతి. ముందు గొయ్యే అవలేదు. జానెడు తవ్వేసరికి సున్నపురాయి తగిలింది. ఈసారి గ్వైమాస్‌నుంచి ఫోనొస్తే చెప్పండి."

"ఏమని? రమ్మనా?"

"నేనలా అనలేదు. సున్నపురాయి తగిలిందని చెప్పండి, చాలు."

"అదేం కబురే! రమ్మని చెప్పకుండా, రాయి తగిలిందని చెప్తే వాడేం చేసుకుంటాడు?"

"సున్నపురాయి పారతో పగలదు. గడ్డపార కావాలి."

"నోరా, ఆ మాట నేననలేదు."

"తెలుసు వదినా. గోడ వెనకనుంచి వచ్చింది. మిషను."

"గొయ్యి ఎక్కడ తవ్వుతోందో అడుగక్కా."

"ఎక్కడ తవ్వుతున్నావో అడుగుతోందే."

"చెట్టున్న చోటే. చెట్టు కొట్టి, చదును చేసి, బండి నిలబెట్టుకున్నాడు చూడండి, సరిగ్గా అక్కడ. నట్టనడుమ."

"బండి నిలబెట్టే చోటట్రా."

"విన్నానక్కా. మరి బండి ఎక్కడ పెట్టుకోవాలట?"

"గ్వైమాస్‌లోనే ఉండనివ్వమనండి వదినా. గడ్డపార ఒక్కటీ పట్టుకుని రమ్మనండి."