చలో రేసు

సదయ్య పెండ్లికి అన్నీ కుదిరాయి. పిల్ల కుదిరింది, లగ్గం కుదిరింది, డప్పులవాళ్ళు కుదిరారు. ఊరేగింపులో ఎక్కడానికి మోటారు సైకిలు కూడా కుదిరింది. కుదరనిదల్లా దాన్ని నడిపే మనిషే.

అప్పటిదాకా గోదావరిఖనిలో పెండ్లికొడుకంటే ఎడ్లబండి మీద పిల్ల ఇంటికి పోవలసిందే. మోటారు సైకిలు మీద పోయినవాడు లేడు. సదయ్యకు బొగ్గుబాయిలో ఉద్యోగం వచ్చిన నాటినుంచి ఇదొక్కటే కోరిక. మెకానిక్ చాంద్ పాషా తన జావా బండి ఇస్తానన్నాడు గానీ, ఆ రోజే మందమర్రిలో వాళ్ళ మేనమామ ఇంట్లో నిఖా ఉంది, తాను రాలేడు. సదయ్యకు సైకిలు తప్ప మరొకటి తొక్కడం రాదు. బాయిలో తోటి కార్మికుడు మొగిలికి మోటారు సైకిలు వచ్చు. వచ్చని మొగిలే చెప్పాడు. బాయిలో అతని డ్యూటీ బొగ్గు టబ్బులు తోయడం. పైకొచ్చాక డ్యూటీ మాట్లాడటం.

ఇక ఒప్పుకోవలసింది సదయ్య తల్లి లస్మవ్వ. ఒక్కగానొక్క కొడుకాయె. నడిపేవాణ్ణి చూడందే బండెక్కనియ్యనంది. అందుకని ఒక సాయంత్రం, పిల్లను చూడటానికి వచ్చినట్టు, మొగిలిని చూడటానికి రాజం చాయ్ హోటలుకు వచ్చింది. వేయించిన పల్లీలు అమ్ముకునే మనిషి గనుక గంప వెంటే ఉంది. దాన్ని బెంచీ మీద తన పక్కన కూర్చోబెట్టింది. ఎదుటి బల్ల దగ్గర సదయ్య, మొగిలి, చాంద్ పాషా ఉన్నారు.

సదయ్య మొగిలికి ముందే నేర్పి పెట్టాడు. "అన్నా, మెల్లగ పోత అను. గా ఒక్క ముచ్చట చాలు."

"గంతేనా తమ్మీ" అన్నాడు మొగిలి. ఆ నిమిషంలో నిజంగానే అన్నాడు.

లస్మవ్వ అడిగింది. "బిడ్డా, మెల్లగ నడుపుతవా?"

"మెల్లగనే పెద్దమ్మా."

సదయ్య ప్రాణం లేచి వచ్చింది. అక్కడితో అందరూ చాయ్ తాగి ఇండ్లకు పోతే ఈ కథే లేదు. కానీ రాజానికి గ్లాసులు కడగడం కంటే ఎదుటివాడి సంగతి కడగడం మీద మోజెక్కువ. "మొగిలీ, మోకాలికి ఆ పట్టీ ఏందిరా?" అన్నాడు.

"ఏం లేదు కాక. రక్షణ వారోత్సవాలల్ల బండ్ల పందెమైంది గద, అండ్ల జరంత పడ్డ. మా సెక్షన్ తరఫున పోవల్సిన ఫిట్టరుకు జరమొచ్చింది. మొగిలీ నీకొచ్చునా అన్నరు. వచ్చన్న. గంతే."

గంతే అన్న మాట మీద మొగిలి ఎన్నడూ ఆగలేదు.

"పడ్డనంటే ఒట్టిగ పడలే. మైకుల ఆఫీసరు 'చలో రేస్' అన్నడు, అన్నడో లేదో నేను యాక్సిలేటరు మలిపిన్నో లేదో, బండి నా కిందికెల్లి పోతున్నదా, నేనే బండి కిందికెల్లి పోతున్ననా తెలుస్తలేదు. స్పీడు ముల్లు ఆఖరికి పోయి, ఇంక పోనీకి జాగ లేక వణుకుతున్నది. నా నీడ ఎనుకనే ఉన్నది, అది ఇంక బయలెల్లలే."

"మరి మిగిలినోళ్ళు?" అన్నాడు రాజం.

"మర్లి సూస్తే నిలబడ్డట్టే కనిపిస్తున్నరు కాక. బండ్లు ఇటోసారి అటోసారి ఊగుతున్నయి, నా గాలికి. జనమంత లేచి రెండు చేతులూపుతున్నరు. ఒక సారు ఈల మీద ఈల ఏస్తున్నడు గని, నేను పోయే జోరుకు ఆ ఈల నన్ను అందుకోలేక ఎనుకనే పడిపాయె."

లస్మవ్వ చాయ్ ఊదుకుంటూ, "మరి డప్పులోళ్ళు నిన్నెట్ల అందుకుంటరు బిడ్డా?" అంది.

"అందుకునుడెందుకు పెద్దమ్మా? వాళ్ళు మెల్లగ కొట్టుకుంట వస్తరు. అప్పటికి మనోడు పిల్ల ఇంటిముంగట కూసోని చాయ్ తాగుతుంటడు."

సదయ్య బల్ల కింద అతని కాలు తొక్కాడు. పట్టీ ఉన్న కాలే. మొగిలికి నొప్పి కూడా తెలియలేదు, అంత దూరం వెళ్ళిపోయాడు.

"గ్రౌండు అంచుకు తాడు కట్టిన్రు. గా తాడు ముంగటి టైరుకు తాకింది. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?"

"పడ్డవు" అన్నాడు చాంద్ పాషా.

"పడుడు తర్వాత. ముందుగాల లేసిన. బండితోని సహా. జనం మీదికెల్లి, క్వార్టర్ల మీదికెల్లి, కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం దాక. గొట్టం దగ్గరికి వచ్చిందిగద అని బీడీ తీసి అంటించుకున్న. మల్ల ఎప్పుడు వస్తనో ఏమో. గాడికెల్లి సూస్తే ఇటు శ్రీరాంపూర్, అటు మందమర్రి. పాషా, మీ మేనమామ వాకిట్ల కూసోని గడ్డం గీయించుకుంటున్నడు."

"మా మామకు గడ్డముంది భాయ్. ఈడ దాక." చాంద్ పాషా రొమ్ము మీద చేయి పెట్టి చూపించాడు.

"అందుకే అంచులకే గీయించుకుంటున్నడు."

రాజం పాలు పొంగుతున్న సంగతి మరిచిపోయాడు. ఇంతకీ విచిత్రమేమిటంటే, నోరు మూయించాలని కూర్చున్న సదయ్యే ముందుకు వంగి "తర్వాత?" అన్నాడు. పెండ్లి యావ ఉన్నవాడికి ఏ మోటారు సైకిలు చప్పుడైనా తనదే అనిపిస్తుంది.

"తర్వాత ఏముంది తమ్మీ, పైకి పోయింది కిందికి రావాలె గద. కింద సూస్తే గాలి కోసం తవ్విన నిలువు బాయి, నోరు తెరుసుకోని ఉన్నది. సీదా అండ్లకే."

చాంద్ పాషా సాసరు పట్టుకున్న చేయి ఆగిపోయింది. "ఇంజను నడుస్తుంటె బాయిల దిగినవా? గ్యాసు అంటుకోదా?"

"నాకు తెల్వదా పాషా? అది రక్షణ వారోత్సవం. గాలిలనే ఇంజను బంద్ చేసిన. బీడీ గూడ పడేసిన. ఒట్టి జోరు మీదనే టబ్బుల పట్టాలెక్కిన. చీకట్ల మనోళ్ళు నెత్తి మీది లైట్లు తిప్పి సూస్తున్నరు, గోడకు అతుక్కుంటున్నరు. ఒకాయన 'మొగిలీ, ఇయ్యాల నీకు రెండో షిఫ్టు గద' అన్నడు. ఆగుతె గద చెప్పనీకి. ఏటవాలు తొవ్వల పైకొచ్చిన. పైన క్లర్కు నన్ను సూసి, డ్యూటీ దిగొచ్చిండనుకోని నాకు హాజరు మస్టర్ గూడ ఏసిండు. ఆ మస్టర్ తీసుకోని గ్రౌండుకొచ్చి సూస్తే, మిగిలినోళ్ళు ఇంక సగం గ్రౌండు గూడ దాటలే. నేనే ఫస్టు."

సదయ్య చప్పట్లు కొట్టబోయి తల్లి ముఖం చూశాడు. చేతులు మళ్ళీ మోకాళ్ళ మీదికి వచ్చాయి. మోటారు సైకిలు తన కళ్ళ ముందే ఎడ్లబండిగా మారిపోతున్నది.

"అయిపాయెనా బిడ్డా?" అంది లస్మవ్వ.

"అయిపాయె పెద్దమ్మా."

"మరి నా గంప రాకపాయె."

"ఏ గంప?"

"ఎప్పుడొస్తదా ఎప్పుడొస్తదా అని కూసున్న. పొగగొట్టం వచ్చింది, పాషా మేనమామ వచ్చిండు, గంప రాలే. ఆ దినం తాడు పక్కన పల్లీలమ్ముకున్నది నేనే బిడ్డా. నువ్వు తాడు తెంపుకోని పడ్డది నా గంపల."

మొగిలి పట్టీ సర్దుకున్నాడు.

"అబద్ధమాడినవని అంటలే" అంది లస్మవ్వ. "మిగిలినోళ్ళు నిలబడ్డట్టే ఉన్నరు, నిజమే. జనం చేతులూపిన్రు, నిన్ను ఆగుమని. నువ్వు ఫస్టు వచ్చుడు గూడ నిజమే. దండ మాత్రం ఆఖరికి వచ్చినోని మెడల ఏసిన్రు. ఎందుకేసిన్రో నాకు ఇప్పటికీ సమజ్ కాలే."

రాజం నోరు తెరిచాడు. "ఆఖరికి వచ్చినోనికి దండేంది?"

చాంద్ పాషా సాసరు కింద పెట్టాడు. "మొగిలి భాయ్, మైకుల ఏమన్నరని చెప్పినవు?"

"చలో రేస్."

"చలో కాదు భాయ్. స్లో. స్లో రేస్. కాలు కింద పెట్టకుండ అందరికన్న నిదానంగ పోయినోడే గెలిచినట్టు. రక్షణ వారోత్సవమాయె, జోరు పందెం ఎవడు పెడుతడు?"

మొగిలి తెరిచిన నోట్లో చాయ్ పోసుకున్నాడు. రాజం వెనక్కి తిరిగి, పొంగిపోయిన పాలను చూసి నవ్వుతున్నట్టు చాలాసేపు భుజాలు కదిపాడు.

సదయ్య నవ్వలేదు. "అవ్వా," అన్నాడు, నేల చూస్తూ, "ఎడ్లబండికే చెప్పు."

లస్మవ్వ కొడుకును చూసింది. పొద్దంతా బొగ్గులో ఉండి వచ్చిన ముఖం. కండ్ల చుట్టూ ఇంకా నల్లగానే ఉంది. ఆ నలుపులో కండ్లు మరీ చిన్నపిల్లవాడివిలా ఉన్నాయి.

"ఎడ్లబండెందుకురా? మోటరు బండే ఎక్కు. హ్యాండిలు నువ్వే పట్టుకో, సైకిలు తొక్కినోనివే గద. ఇంజను మాత్రం మోగొద్దు. డప్పులోళ్ళు ముంగట, నువ్వు ఎనుక, నీ ఎనుక మొగిలి. తోసుకుంట వస్తడు. బాయిల దినాం చేసేటి పనేగద."

సదయ్య లేచి నిలబడ్డాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. జావా బండి మీద ఇంజను మోగకుండా పోయినా అది జావా బండే. చాంద్ పాషా సరేనన్నాడు, అట్లయితే పెట్రోలు కూడా పోయనక్కరలేదని గుర్తుచేశాడు.

అందరూ మొగిలి వైపు చూశారు. నడిపేవాడిగా వచ్చినవాడు తోసేవాడయ్యాడు. నొచ్చుకున్నాడేమో అనుకున్నారు. మొగిలి మిగిలిన చాయ్ ఒక్క గుక్కలో తాగి, గ్లాసు బోర్లించి, గొంతు సవరించుకున్నాడు.

"తోసుడంటే యాదికొచ్చింది పెద్దమ్మా. ఒక్కసారి కాసిపేట బాయిల టబ్బు తోసిన. ఏం లేదు, జరంత జోరుగ తోసిన, గంతే..."

లస్మవ్వ బెంచీ మీది పల్లీల గంపను తీసి ఒళ్ళో పెట్టుకుంది.