పెరిగే గోడ

బావ నోరు విప్పగానే పని చేజారినట్టే అనిపించింది బావమరిదికి. ఇద్దరిదీ రేకుల పనే. ఈ టీకొట్టు లోపలి గోడ పెచ్చులూడి గ్లాసుల్లో పడుతోంది. పాత నూనె డబ్బాలు విప్పి, సాపు చేసి, ఆ రేకులు గోడంతా అందంగా పరిచి బిగించాలి. రెండిళ్ళకీ చాలాకాలానికి తగిలిన పని. కొట్టామె అడిగింది ఒక్కటే.

"ఇంతకుముందు ఇలాంటిది చేశారా?"

"చేశారా అంటావేంటక్కా," అంటూ బావ బల్ల మీద సర్దుకుని కూర్చున్నాడు. "ఒక పెద్దాయన హాల్లో చేశాను. మామూలు డబ్బా రేకే, బూడిదేసి తోమానంతే. తోమితే ఏమైందో తెలుసా? అద్దమైపోయింది. పెద్దాయన మావగారు ఊర్నుంచి వచ్చి, ఎదురుగా ఎవరో కూర్చున్నారనుకుని, ముందు తను పలకరిస్తే లోకువైపోతానని సాయంత్రం దాకా బిగుసుకుని కూర్చున్నాడు."

"పాపం, ఇద్దరికీ టీ ఇచ్చారా?" అన్నాడు పక్క కొట్టు దర్జీ, టీకి వచ్చి కూడా కాజాలు కుడుతూ.

"ఇచ్చారు, ఈయన తాగాక అవతలాయనా తాగాడు. అది కాదు, విను. ఆ వెలుగుకి ఇంట్లో దీపం పెట్టడమే మానేశారు. తెల్లారిందో లేదో తెలీక వీధిలో కోళ్ళు కూత మానేశాయి."

కోళ్ళ దగ్గర ఆగితే బాగుండును అనుకున్నాడు బావమరిది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎండాకాలం వచ్చింది. వేడికి రేకు సాగుతుంది కదా, మామూలోడు బిగిస్తే ఉబ్బి ఊడొస్తుంది. నేను బిగించింది ఊడుతుందా? గోడే సాగింది. రోజూ కాస్త కాస్త జరిగి పక్కింటి వంటగది దాకా వెళ్ళింది. ఆవిడ కూర కలపబోతే గరిటె ఈ హాల్లో తేలింది. చలికాలం వచ్చాక గానీ ఎవరిల్లు వాళ్ళకి రాలేదు."

ఎవరూ నవ్వలేదు. కొట్టామె పొయ్యి వైపు చూసింది, తర్వాత గోడ వైపు.

"తమ్ముడూ, నా పొయ్యి ఈ గోడకి ఆనుకునే ఉంది. ఏడాదంతా మండుతూనే ఉంటుంది. గోడకి అవతల ఈయన మిషను. మరి నీ రేకు ఎందాకా వెళ్తుంది?"

"నా కొట్టు దాటి వీధిలోకే," అన్నాడు దర్జీ సూది ఆపి. "వీళ్ళకి పనిస్తే నేనొప్పుకోనక్కా."

బావమరిదికి దిగులు పట్టుకుంది. బావని మోకాలితో పొడిచాడు.

"మరీ అంత కాదులే," అన్నాడు బావ. "మూరెడు జరిగిందేమో."

"మూరెడు జరిగితే నా పొయ్యి ఎక్కడ పెట్టుకోను?"

"జానెడు."

"నా మిషను జానెడు కూడా జరగదు," అన్నాడు దర్జీ.

"బెత్తెడు."

కొట్టామె తల అడ్డంగానే ఊపుతోంది. బావ ముఖం మాడిపోయింది. పెళ్ళాం దగ్గర కూడా ఇంతగా దిగిరాని మనిషి.

"జరగలేదు," అన్నాడు చివరికి, గ్లాసుతో చెబుతున్నట్టు.

"కోళ్ళో?"

"కూశాయి."

"అయితే రేపు పొద్దున్నే రేకులు పట్టుకురండి," అందామె.

వీధి మలుపు తిరిగేదాకా బావ తల వంచుకునే నడిచాడు. బావమరిదికి జాలేసింది. పోనీలే, పని దొరికింది కదా అనబోయాడు.

"చూశావా," అన్నాడు బావ, "ఇంకా ఒక్క మేకు కూడా కొట్టలేదు, నా గోడ మాట వింటేనే పక్క కొట్టోడు ఎలా వణికిపోయాడో."