మోత లేని బండి

కూతురు కొత్తగా కొన్న కరెంటు కారు నడుపుతోంది. పక్క సీట్లో, జీవితమంతా డీజిల్ బండ్లు తోలిన తండ్రి. వెనక తల్లి.

"స్టార్ట్ చెయ్యవేంటమ్మా?"

"వీధి చివరికొచ్చేశాం నాన్నా."

"ఇదేం బండే! క్లచ్ లేదు, గేరు లేదు. బండన్నాక మోత ఉండాలి. నా డీజిల్ బండి మలుపు తిరిగిందంటే నేనొస్తున్నానని వీధి వీధంతా తెలిసేది."

"వీధి వీధంతా చెవులు మూసుకునేది కూడా."

"వెటకారం చాలు. ఇంజిన్ ఏమంటోందో విని గేరు మార్చేవాడే డ్రైవరు. దీన్ని నడపడమంటే ఫ్యాను స్విచ్చి వేసినట్టే. అబ్బ, ఆ రేడియో కట్టెయ్."

"రేడియో పెట్టలేదు. అమ్మ పాడుతోంది."

"మీ అమ్మా? నా బండిలో ఒక్కనాడూ పాడలేదే!"

"బండెక్కితే పాడకుండా ఎప్పుడుంది? చిన్నప్పుడు వెనక సీట్లో తన ఒళ్లో తలపెట్టుకుని పడుకునేదాన్ని కదా, నాకు వినబడేది. నువ్వేమో ఇంజిన్ మాట వింటూ ఉండేవాడివి."

ఆయన బయటి చప్పుడు రాకుండా కిటికీ అద్దం పైకెత్తేశాడు. కాసేపటికి కారు ఇంటి ముందు ఆగింది.

"ఇల్లొచ్చేసింది నాన్నా, దిగు."

"ఉష్! పాట ఇంకా అవలేదు. అలా ఇంకో చుట్టు తిప్పు."