ఐదోసారి ఎక్కమని నా కోడలు చెప్పలేదు

నా పేరు గవరమ్మ. వయసు అరవై రెండు. భర్త కీర్తిశేషులు యర్రయ్య. నివాసం ఈ దీవుల్లోని హోప్ టౌన్. అమ్మానాన్నలు మెయిన్‌లాండ్ నుంచి ఓడలో వచ్చి స్థిరపడ్డారు, నేను ఇక్కడే పుట్టాను. వృత్తి చేపల అమ్మకం. గుండెకు స్టెంట్ వేశాక రెండేళ్లుగా గంప ఎత్తలేదు. షుగర్ పదకొండేళ్లుగా ఉంది. ఈ రోజు, 2018 నవంబరు 18 ఆదివారం, ఉదయం పదకొండు గంటలకు, పోలీసు స్టేషన్‌లో సబ్ ఇన్‌స్పెక్టర్ గారి ఎదుట, ఎవరి బలవంతమూ లేకుండా చెబుతున్నాను.

నా కోడలు ఝాన్సీలక్ష్మి నన్ను హింసిస్తోందని రేవు అవతల బతు బస్తీలో ఉండే నా తమ్ముడు సత్యారావు ఫిర్యాదు ఇచ్చాడు. అది తప్పు. ఆ పిల్ల ఆసుపత్రిలో రోగులకు వ్యాయామం నేర్పే ఉద్యోగం చేస్తుంది. కేసు రాస్తే ఆ ఉద్యోగం పోతుంది. పొద్దుట్నుంచీ దాన్ని బల్ల మీద కూర్చోబెట్టారు. ముందు ఇది రాసుకోండి సార్.

స్టెంట్ వేశాక అందరూ రెస్ట్ అన్నారు. బిందె ఎత్తబోతే రెస్ట్. జెట్టీకి వెళ్తానంటే రెస్ట్. రెస్ట్ తీసుకుని తీసుకుని, బాత్రూముకు నడిస్తేనే ఆయాసం వచ్చేది. తమ్ముడు ప్లాస్టిక్ కుర్చీ కొనిచ్చాడు. ఆ కుర్చీని చూస్తే నాకు ఒళ్లు మంట.

జూన్‌లో ఝాన్సీ నన్ను గుండె డాక్టరు గారికి చూపించింది. ఒంటికి తీగలు పెట్టి, కదిలే బెల్టు మీద నడిపించి, వ్యాయామం చెయ్యొచ్చని రాసిచ్చారు. ఆ కాగితం వెంట తెచ్చాను. మొదటి ఆరు వారాలు ఆసుపత్రిలోనే చేశాను. తర్వాత మా ఇంటి ముందు నుంచి జెట్టీకి దిగే వాలు మీద. ఒక నిమిషం జోరుగా పైకి, మూడు నిమిషాలు నెమ్మదిగా. అలా నాలుగుసార్లు, వారానికి మూడు రోజులు. ముందు షుగర్ చూస్తుంది. నిమిషం మొదలుకీ ఆఖరుకీ విజిల్ ఊదుతుంది. షుగర్ పడిపోతే నోట్లో వేసుకోమని నా కొంగున చక్కెర పొట్లం కడుతుంది. ఛాతీ పట్టేస్తే ఆగిపోవాలి. నాలుగే, ఐదు లేదు.

ఈ ఉదయం ఆరూ నలభైకి నాలుగూ అయిపోయాయి. అప్పుడే తమ్ముడు బోటు దిగడం కనబడింది. రెండేళ్లుగా వాడు నన్ను కుర్చీలోనే చూశాడు. వాడికి చూపించాలని, కోడలికి చెప్పకుండా ఐదోసారి ఎక్కాను. తప్పు నాది. పైకి వచ్చేసరికి కళ్లు తిరిగి కూలబడ్డాను.

ఝాన్సీ విజిల్ ఊదుతూ పరుగెత్తుకొచ్చింది. "నాలుగన్నానా, అయిదెవలు ఎక్కమన్నారత్తా? నీకేటైనా అయితే నానేటైపోవాల!" అని అరిచింది. నా మణికట్టు గట్టిగా పట్టుకుని వాచీ చూసింది. నాడి లెక్కపెట్టడానికి పట్టుకుంది. తమ్ముడు చూసింది ఇంతే, అరుపూ, విజిలూ, పట్టుకున్న చెయ్యీ. "మా అప్పని సంపేత్తావేటే!" అన్నాడు. ఊపిరాడక నాకు మాట రాలేదు. వాడు ఏడుస్తూ తిన్నగా ఇక్కడికి వచ్చాడు. ఏడ్చాడని కూడా రాయండి. వాడు చెడ్డవాడు కాడు.

పది నిమిషాల్లో నేను తేరుకున్నాను. మీరు ఝాన్సీని పిలిపిస్తే నేనూ వెంట వచ్చాను. ఈ స్టేషన్ మేడ మీద ఉంది. కింద కానిస్టేబుల్, "దీదీ, ఊపర్ మత్ చఢో, సాబ్ నీచే ఆయేంగే" అన్నాడు, పైకెక్కొద్దు, సారే కిందికొస్తారని. నేను ఇరవై రెండు మెట్లూ ఎక్కాను. మధ్యలో ఒకసారి ఆగాను. పద్ధతి అది. తమ్ముడు వెనకాలే ఒక కుర్చీ మోసుకొచ్చాడు. నేను కూర్చోలేదు.

మీ ఎదుటే ఝాన్సీ నా మణికట్టు పట్టుకుంది. నాడి నూట ఎనిమిది. రెండు నిమిషాలకే ఎనభై నాలుగుకి దిగింది. ఆ లెక్క రాసుకోండి. తమ్ముడు దాని వేళ్ల వైపే చూస్తూ నిలబడ్డాడు. నాకంటే వాడే ఎక్కువ రొప్పుతున్నాడు. వాడికీ షుగరే. కాసేపటికి వాడు, "నాదీ ఓపాలి సూడమ్మా" అని దాని ముందు చెయ్యి చాపాడు.

నేను చెప్పినది చదివి వినిపించారు. చెప్పిందే ఉంది. కలిపింది లేదు, దాచింది లేదు. నిజమేనని నిలబడే వేలిముద్ర వేస్తున్నాను.

గవరమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షి సంతకం: సత్యారావు, తమ్ముడు